బుకాయింపుకి సున్నా

పోకర్ ఆటలో మిషన్ మళ్లీ వదిలేసింది, ఇది పదకొండోసారి, రెండు రాజులు చేతిలో పెట్టుకుని ఎవరైనా ఆట వదులుకుంటారా, బ్రాన్విన్ కుర్చీ అంచున కూర్చుని తెరవైపే చూస్తోంది, ఎదుటివాడి పందేన్ని బట్టి అతని చేతిలో ఏ ముక్కలుండొచ్చో అవకాశాలు లెక్కగట్టే ఆటగాడు, మూడేళ్లు ప్రాణం పెట్టి చేసిన కంప్యూటరు, బల్ల మీద ఆఖరిదైన ఐదో ముక్క పడ్డాక ఆమె గైడ్ ఆలిస్టర్ పందెం పెంచితే చాలు తోక ముడుస్తోంది, ఇంకా నలభై ఆటలే ఉన్నాయి, ఓడితే మూడు గంటలకి కమిటీ ఆమె పరిశోధన మూసేస్తుంది, బయట మెల్‌బోర్న్ ఎండకి ట్రామ్ పట్టాలు కాలిపోతున్నాయి, లోపల ఆమె మనసులోనే మిషన్‌కి చెబుతోంది, నమ్మకే, ఆయన్ని నమ్మకు, మొదలయ్యాక మధ్యలో వేలు పెట్టకూడదని నియమం, శిష్యురాలి మిషన్‌తో గైడే ఆడాలని డిపార్ట్‌మెంట్ ఆనవాయితీ, ఆ గైడ్ తన ముక్కలు తిప్పి చూపించాడు, రెండూ ఏడూ, దేనికీ పనికిరాని ముక్కలు, ఏంటి బ్రాన్, మీవాడు మరీ అమాయకుడు, నేను దగ్గినా పారిపోతున్నాడు, పక్క బల్ల దగ్గర డిపార్ట్‌మెంట్‌లోనే పనిచేసే గ్వెన్ టీ ఒలకబోసుకుంటూ నవ్వింది, ఊరుకోండి ఆలిస్టర్, పిల్ల ఏడ్చేలా ఉంది.

ఏడవదు, ఈయన ఇంత పచ్చిగా బుకాయిస్తాడా, మూడేళ్లు మధ్యాహ్నాలు టీ గదిలో అల్లం బిస్కెట్లు పందెం కాసి ఆడిన ఆటలన్నీ పుస్తకంలో రాసుకుంది, ఐదో ముక్క మీద బుకాయించినట్టు, అందరూ ముక్కలు తిప్పి చూపించే షోలో తేలినవి సున్నా, ఆ సున్నానే మిషన్‌కి నేర్పింది, కొత్తగా ఏం చూసినా మిషన్ దాన్ని పాత లెక్కతోనే హెచ్చవేస్తుంది, సున్నాని దేనితో హెచ్చవేసినా సున్నాయే కదా, ఇక అది వందసార్లు మోసపోయినా నమ్ముతూనే ఉంటుంది, ఎప్పుడూ చూడనిదానికి కూడా ఒకటి వేసి ఉంచు బ్రాన్ అని ఆయనే చెప్పాడు, జరగనిది జరిగిందని ఎలా రాస్తానండీ అని ఎగిరిపడింది తనే, నిజాయితీ అట, ఏడ్చినట్టుంది.

పెంచాడు, వదిలేసింది, పన్నెండు, ఈసారి ఆలిస్టర్ ముక్కలు చూపించకుండా బోర్లించే పేక కిందికి తోసేశాడు, టీ గదిలో రోజూ చూసిన తోపే, ఆయన పెంచితే చేతిలో ఉన్నట్టే అనుకుని గ్వెన్ వదిలేసేది, తనూ వదిలేసేది, అందరూ వదిలేశాక ఆయన చూపించాల్సిన పనేముంది, అలాంటి ఆటల పక్కన గీత గీసి లెక్కలోంచి తీసేసింది, చూడని ముక్కల గురించి ఏం రాస్తామని, షోకి వచ్చినవి మూడొందలు, గీత గీసినవి తొమ్మిదొందలు, ఆయన బుకాయింపులన్నీ ఆ గీతల కిందే ఉన్నాయి, మూడేళ్లలో, పోతే పోయేది ఒక బిస్కెట్టే కదా అని తెగించి, ఆయన పెంచినప్పుడు ఆమె ఒక్కసారి కూడా షో అడగలేదు.