ఆకు మేసే చప్పుడు

ఆకు వేసే ముందు చేతులు వాసన చూసుకోవాలి. తాలింపు, ఉల్లిపాయ, ఒంటి సబ్బు, ఏ వాసన తగిలినా పట్టుపురుగులు ఆకు మీద నుంచి తల తిప్పేసుకుంటాయని మా అత్త రెడ్డెమ్మ నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పింది. అందుకే పొద్దున పొయ్యి మీది కూర సగంలో దించి, చేతులు రుద్ది కడుక్కుని, ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుని, ఇంటి వెనక షెడ్డులోకి పోతాను. మల్బరీ కొమ్మలు స్టాండ్ల మీద పరిచి పక్కన నిలబడతాను. కాసేపు ఏమీ వినిపించదు. తర్వాత ఏదో ఒక మూల మొదలవుతుంది. రేకుల మీద సన్నటి తుంపర పడినట్టు. అది స్టాండు నుంచి స్టాండుకు పాకి, షెడ్డంతా పరుచుకుని, ఇంక ఆగదు. నాలుగోసారి తోలు విడిచిన పురుగుల ఆకలి అది. వేల నోళ్ళు ఒక్కసారిగా ఆకు కొరికే చప్పుడు.

ఆ చప్పుడు చాటున నేను పాడతాను. పాడతాను అనడం పెద్ద మాట. గొంతులో పుట్టిన దాన్ని పళ్ళ దాకా రానిచ్చి, అక్కడ ఆపి, ఊపిరిలో కలిపి వదులుతాను. బయట నిలబడిన మనిషికి వినిపించదు. వినిపించకూడదనే ఆ ఏర్పాటు.

నా గొంతు మొదటినుంచీ ఇలా ఉండేది కాదు. పెళ్ళికి ముందు మదనపల్లెలో ఒక కాలేజీలో సైకాలజీ చెప్పేదాన్ని. వెనక బెంచీలో నిద్రపోయే పిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. పుంగనూరు పక్కన ఈ పల్లెకు వచ్చాక, మొదటి నెలలోనే, ఒక సాయంత్రం పెరట్లో గిన్నెలు తోముతూ ఏదో పాట ఎత్తుకున్నాను. వసారాలో మా మామ ఆంజనేయులు నలుగురితో కూర్చుని బోరు గురించి మాట్లాడుతున్నాడు. నా పాట విని గట్టిగా నవ్వి, "ఏమే, ఇంట్లోకి మైకుసెట్టు ఎప్పుడు తెచ్చినారు?" అన్నాడు. అందరూ నవ్వారు. అత్త పెరట్లోకి వచ్చింది. "రవ్వంత నిమ్మళంగా పాడుకోమ్మా. మొగోళ్ళు కూచోనుండారు," అంది. కోపం లేదు ఆ మాటలో. తలమీద చెయ్యి కూడా వేసింది.

అంతే జరిగింది. ఎవరైనా తిట్టి ఉంటే, కొట్టి ఉంటే, చెప్పుకోవడానికి నాకొక కథ ఉండేది. నాకున్నది ఒక వాక్యం, ఒక నవ్వు. రెండోసారి చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. మనసు ఎదురు తిరగడానికి ఇంకా కారణాలు వెతుక్కుంటూ ఉండగానే శరీరం లోబడిపోతుందని నేనే క్లాసులో చెప్పేదాన్ని. చెప్పడం వేరు. గిన్నెలు తోముతున్నప్పుడు పాట రాకపోవడం, రాలేదని కూడా గుర్తుకు రాకపోవడం వేరు. ఫోనులో మాట్లాడితే మా అమ్మ, "ఏమే, గుడిలో ఉండావా?" అని అడిగేది.

అప్పుడు నా మొగుడు హరీష్ బెంగళూరులో ఉండి వారానికొకసారి వచ్చేవాడు. తర్వాత కంపెనీ ఇంటినుంచే పని చేసుకోమంది. మేడమీది గదిలో గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి, గిటారూ కీబోర్డూ లాప్‌టాపూ పెట్టుకున్నాడు. మంచి మనిషి. గొంతెత్తడు. ఒక మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతూ లోలోపల ఏదో కూనిరాగం తీస్తుంటే తలుపు దగ్గర నిలబడిపోయాడు.

"యమునా, నీ గొంతుకు అంచులు లేవు. పొగ మాదిరి ఉండాది. మనిద్దరం ఒక ఆల్బం చేద్దామా?"

నా గొంతు గురించి అంత శ్రద్ధగా ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ సంతోషం నిజం. దాన్ని ఇప్పుడు కూడా కాదనను.

మేడమీది గదిలో మాత్రం నాకు పాట రాలేదు. అది సరిగ్గా హాలుకు పైన ఉంటుంది. హెడ్‌ఫోన్ తగిలించి హరీష్ "ఊ" అనగానే కింద మామ దగ్గు వినిపించేది. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టేసేదాన్ని. అందుకని షెడ్డులో, ఆకు వేశాక, ఫోను స్టాండు మీద పెట్టి పాడి అతనికి పంపాను.

"యాడ రికార్డు చేసినావు?" అని అడిగాడు.

"బయట."

"వాన పడతాండిందా? భలే కుదిరింది! దాన్ని తియ్యొద్దు. దాన్నే ఇంకా పెంచుదాం."

అతను పుట్టింది ఈ ఇంట్లోనే. కానీ చిన్నప్పుడే హాస్టల్లో వేశారు. పెద్దయ్యాక సెలవులకు వస్తే ఒంటికి సెంటు కొట్టుకుని వచ్చేవాడు. "రేయ్, నీ వాసనకి పంటంతా పోతాది, ఆడ్నే నిలబడు," అని వాళ్ళమ్మ షెడ్డు గడప ఎప్పుడూ దాటనివ్వలేదు. తనను చదివించిన చప్పుడును అతను ఎన్నడూ వినలేదు. ఎనిమిది పాటల్లోనూ వానే. ఈ మెట్ట నేలమీద అంత వాన ఎప్పుడు పడిందని కూడా అతనికి అనుమానం రాలేదు. నేను చెప్పి ఉండొచ్చు. ఆకు వేసే పొద్దున ఫోను పట్టుకుని నిలబడతానని ఇంట్లో తెలుస్తుందేమోనని ఒక భయం. ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలిసిన విషయం ఒకటి ఉండనీ అని ఒక ఆశ. రెండూ కలిసి నా నోరు మూశాయి.

ఆ పాటల్ని అతను ఏమేమో చేశాడు. నా గొంతునూ వాననూ విడదీసి, గొంతును నాలుగు పొరలు చేసి, ఒకదాని వెనక ఒకటి జరిపాడు. కొన్నిచోట్ల వెనక్కు తిప్పాడు. గిటారును నీళ్ళలో ముంచినట్టు సాగదీశాడు. హెడ్‌ఫోన్లో విన్నప్పుడు, జ్వరంలో పడుకుని గోడమీద రంగులు కదలడం చూస్తున్నట్టు అనిపించింది. అందంగా ఉంది. అది కూడా నిజమే. మా జంటకు "ఇద్దరం" అని పేరు పెట్టింది అతనే. ఆల్బంకు ఒక మాట చెప్పమని నన్ను అడిగాడు. ఆలోచించకుండా "నిమ్మళం" అన్నాను. "అబ్బ, ఎంత మంచి మాట!" అన్నాడు. ఆ మాట ఎక్కడిదో అడగలేదు. నేను కూడా అప్పటికి మర్చిపోయాననే అనుకున్నాను.

ఆల్బం ఇంటర్నెట్‌లోకి వచ్చాక పేరు తెలియని ఊళ్ళ నుంచి పిల్లలు విన్నారు. బెంగళూరు పత్రిక ఒకటి, "పక్కగదిలో ఎవరో మన కలను పాడుతున్నట్టుంది" అని రాసింది. ఇంటర్వ్యూ కూడా చేసింది, వీడియో కాల్‌లో. ఇంటర్వ్యూ చేసిన అమ్మాయి నన్నే అడిగింది, "ఇలా గుసగుసగా పాడడం ఎలా అలవాటైంది మీకు?" అని. నేను నోరు తెరిచాను. కింద కుక్కర్ కూత వేసింది. మామకు మందులు వేసుకునే వేళకు అన్నం కావాలి. లేచి పోయాను. వచ్చేసరికి హరీష్ జవాబు చెప్పేశాడు. "తనది సహజంగానే అంత. నేర్చుకున్నది కాదు." పత్రికలో "యమున ఎక్కువ మాట్లాడరు. ఆ మౌనం కూడా ఈ సంగీతంలో భాగమే" అని వచ్చింది. ఆ వాక్యాన్ని మా బంధువులు ఫోన్లలో ఒకరికొకరు పంపుకుని మెచ్చుకున్నారు. కోడలంటే అట్ల ఉండాల అన్నారట.

ఆ రాత్రి నుంచి ఒక ప్రశ్న పట్టుకుంది. వీళ్ళు మెచ్చుకుంటున్నది నన్నా, నాకు జరిగినదాన్నా? జరిగినదాన్ని తీసేస్తే మిగిలే గొంతు ఎవరికైనా కావాలా? అసలు మిగిలిందా?

కుప్పంలో ఒక కాలేజీ వాళ్ళు మమ్మల్ని పండగకు పిలిచారు. జనం ముందు మొదటిసారి. మైకులూ స్పీకర్లూ మదనపల్లె నుంచి అలావుద్దీన్ గారి సౌండ్ షాపు వాళ్ళవి. మీటల దగ్గర కూర్చునేది ఆయన కూతురు అల్ఫియా. పెళ్ళిళ్ళకూ దర్గా ఉర్సులకూ సౌండ్ పెట్టి పెట్టి చెయ్యి తిరిగిన పిల్ల. వాళ్ళ షాపులోనే ప్రాక్టీసు చేశాం. నేను పాడాను. అల్ఫియా మీట పెంచింది. ఇంకా పెంచింది. స్పీకరు ఒక్కసారిగా కుయ్యిమని కేక పెట్టింది. అందరం చెవులు మూసుకున్నాం.

"అక్కా, ఇంతకన్నా తెరిస్తే మైకు కూస్తాది," అంది అల్ఫియా. "నువ్వే రవ్వంత గొంతు తెరువు."

నేను హరీష్ వైపు చూశాను. అతను తల అడ్డంగా ఊపాడు. "గట్టిగా పాడితే ఇంకేముంది? మన సౌండే పోతాది. ఆ గొంతుకే కదా జనం వచ్చేది." కాసేపు ఆలోచించి, సమస్య తీరినవాడిలా నవ్వాడు. "ఒక పని చేద్దాం. ఆల్బంలోని నీ గొంతునే లాప్‌టాప్ నుంచి వేస్తా. నువ్వు మైకు ముందర నిలబడి పెదాలు కదిపితే సాలు. ఎవురికీ తెలీదు."

ఎవరికీ తెలియదు. నేను తల ఊపాను. ఊపిన తల నాదేనని బస్సు పుంగనూరు చేరేదాకా నమ్మలేకపోయాను.

బయల్దేరే ముందురోజు సాయంత్రం షెడ్డులో అత్త నాతో కొమ్మలు పరుస్తోంది. "పంట ఆకలి మీదుండాది. ఈ టయానికా మీరు పొయ్యేది? ఆకు ఎవురేస్తారు?" అంది. పొద్దున హరీష్‌ను కూడా ఇదే అడిగింది. "నువ్వుండావు గదమ్మా," అన్నాడు. ఆమె మోకాళ్ళు పట్టుకుని లేస్తుందని అతనికి తెలియదా? తెలుసు. తెలిసి ఉండడానికీ పట్టించుకోవడానికీ మధ్య చాలా దూరం ఉంటుంది.

"అందురూ అంటాండారు, నాకూ ఒగ పాట ఇనిపించు," అంది. ఫోనులో పెట్టాను. కళ్ళు చిట్లించి వింది. రెండు నిమిషాలకే నవ్వడం మొదలుపెట్టింది.

"ఇదేందమ్మా, మన పురుగులు గదా!"

"హరీష్ వాన అనుకుంటాండాడు అత్తా."

"వానా? ఓరి నీ పాసుగాల!" కొమ్మలు కింద పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. ఇద్దరం కలిసి అలా నవ్వడం అదే మొదలు. తర్వాత ఆమె కళ్ళు తుడుచుకుని నన్ను చూసింది.

"అది సరే గాని, నువ్వేందమ్మా ఇట్ల పాడతాండావు? జొరమొచ్చిన మనిసి మూలిగినట్ల. గట్టిగా పాడొచ్చు గదా. యాల బయం? ఎవురన్నా ఏమన్నా అన్నారా?"

ఆమె ముఖంలోకి చూశాను. నటన లేదు. నిజంగానే గుర్తులేదు. తను ఎప్పుడో చెప్పి మర్చిపోయిన ఒక వాక్యంలో నేను మూడేళ్ళు కాపురం చేశాను. కాపలా మనిషి ఎప్పుడో లేచి వెళ్ళిపోయినా తలుపు తెరిచి చూడని ఖైదీలా.

"నువ్వు పాడేదానివా అత్తా?" అని అడిగాను.

"పెండ్లికి ముందర. నాట్లు యేస్తా పాడితే పక్కూరికి ఇనిపించేది."

"మరి?"

"మా అత్త ఉండె గదా," అంది. చీపురు తీసుకుని రాలిన ఆకులు ఊడ్వసాగింది.

పలమనేరు, వి.కోట దాటి కుప్పం చేరేదాకా నేను బస్సు కిటికీలోంచి బయటికే చూశాను. హరీష్ మాత్రం ఉత్సాహంగా ఉన్నాడు. "భయపడొద్దు, పాట ఎట్లాగూ తప్పు పోదు," అని రెండుసార్లు ధైర్యం చెప్పాడు. కాలేజీ మైదానంలో స్టేజీ కట్టారు. హరీష్ వైర్లు తగిలించుకుంటుంటే నేను అల్ఫియా దగ్గరికి వెళ్ళాను.

"లాప్‌టాప్ నుంచి నా గొంతు వచ్చే మీట ఏదో తెలుసు గదా నీకు?"

"తెలుసక్కా. ఇదో, ఇది."

"అది మూసెయ్. వాన మాత్రం ఉండనీ."

నన్ను తేరిపారా చూసింది. "హరీషన్నకు చెప్పినావా?"

"లేదు."

పెదవి కొరుక్కుంది. "సరే. మైకు ఎంత తెరవమంటావు?"

"తక్కువే చాలు," అన్నాను. మూడేళ్ళుగా వాడని వస్తువు. ఉందో లేదో చూసుకోకుండానే జనం ముందు బయటికి తీస్తానని మాట ఇచ్చేశాను.

పొద్దు వాలుతుండగా మొదలైంది. స్పీకర్లలోంచి ఆ చప్పుడు మైదానమంతా పరుచుకుంది. పిల్లలు కళ్ళు మూసుకున్నారు. హరీష్ తన మైకులో, "ఇప్పుడు మీరు వింటున్నది మా ఊరి వాన," అన్నాడు.

"అది వాన కాదు," అన్నాను.

నా మాట ఎదురుగా ఉన్న బిల్డింగుకు తగిలి తిరిగి వచ్చింది. కళ్ళు తెరుచుకున్నాయి. వెనక ఎక్కడో ఒక అమ్మాయి లేచి నిలబడి, "పురుగులు! పట్టుపురుగులు ఆకు తింటాండాయి!" అని అరిచింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "మా ఇంట్లోనూ అంతే అక్కా!" అని ఇంకో గొంతు.

"అవును," అన్నాను. "ఆకు వేసింది నేను. ఈ పూట మా అత్త వేస్తోంది."

పాట ఎత్తుకున్నాను. మొదటి గుక్క బొంగురుగా, పగిలి వచ్చింది. రెండోది కొంచెం నయం. పొగ లేదు. అంచులున్నాయి, కొన్ని గరుకుగా ఉన్నాయి. ముందు వరసలో ఇద్దరు ఫోన్లు దించేశారు. వాళ్ళు కోరి వచ్చిన కల ఇది కాదేమో. వెనక ఆ అమ్మాయి మాత్రం ఇంకా నిలబడే ఉంది. ఎవరికి నచ్చిందో, ఎవరికి లేదో లెక్క వేసే తీరిక నాకు లేదు. గొంతు దారి వెతుక్కుంటూ పైకి పోతోంది, నేను దాని వెనక పోతున్నాను.

పల్లవి తిరిగి వచ్చేచోట హరీష్ లాప్‌టాప్ మీద నుంచి తలెత్తాడు. ఎవరు పాడుతున్నారో తెలియనివాడిలా ముందు అల్ఫియా వైపు చూశాడు, తర్వాత నా వైపు. నా మొగుడు నా గొంతు వినడం అదే మొదటిసారి.