ఆకుపచ్చ గళ్ల చొక్కా

పొద్దున ఆరున్నరకల్లా ఇస్త్రీ అక్క మెట్ల కింద బల్ల వేసేది. బల్ల మీద రెండు పాత దుప్పట్లు, వాటి మీద తెల్లగుడ్డ, పక్కన మూతకి చిల్లులు పొడిచిన నీళ్ల సీసా. పెట్టె వేడెక్కేలోపు మూటలు విప్పి ఎవరివి వాళ్లవి వేరు చేసేది. ఆవిడ పనికి ఒక వరస ఉంది. ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, వీపు, ముందు భాగంలో కుడిపక్క. ఎడమవైపు జేబు మాత్రం అన్నిటికంటే చివర. ఎవరెంత తొందరపెట్టినా ఆ వరస తప్పేది కాదు, ఎందుకంటే జేబు దగ్గర పావు నిమిషం ఆగాలి.

జేబుకి వేడి తగలగానే, ఆ చొక్కా ఆఖరుసారి వేసుకున్న మనిషి గుండె దాని కింద కొట్టుకునేది. ఎన్ని నీళ్లలో జాడించినా, ఏ సబ్బు పెట్టినా అది పోదు. ఇస్త్రీ అక్క పెట్టె పక్కన నిలబెట్టి, అరచెయ్యి ఆనించి, తల కాస్త వంచి వినేది. బట్ట చల్లారాక చప్పుడు ఆగిపోయేది. ఆ భవనంలో నలభై కాపురాల వాళ్లకీ ఇది తెలిసిన సంగతే. చొక్కాలు తీసుకెళ్లేటప్పుడు బొత్తాలు సరిగ్గా ఉన్నాయా అని అడిగినట్టే, లోపల ఎలా ఉందని కూడా అడిగేవాళ్లు. కాలరు మరక వదల్లేదు, గుండె మాత్రం బాగుందని చెప్పి పంపేది.

ఇరవై రెండేళ్లలో ఆ అరచేతి కిందకి రాని గుండె లేదనుకునేది ఆవిడ. మొదటి అంతస్తులో ఉండే రిటైరైన పోస్టుమాస్టరు గుండెకి ఒక పద్ధతంటూ ఉండేది కాదు. రెండు కొట్టి ఒకటి మింగేది, తర్వాత నాలుగు గబగబా కలిపి కొట్టేది. జీవితమంతా ఉత్తరాలు వేళకి అందించిన మనిషికి ఈ అవకతవక ఏమిటని అక్క ముక్కున వేలేసుకుంది. అలాంటి గుండెలో రక్తం ఓ మూల గడ్డకట్టి మెదడుకి పోయే ప్రమాదం ఉందట. గడ్డకట్టకుండా మాత్రలిచ్చారు, పెద్దాయన ఇప్పుడు నిక్షేపంగా ఉన్నాడు. లెక్కల మాస్టారి చొక్కాలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉస్సుమని సన్నటి చప్పుడు వచ్చేది. లోపల ఒక కవాటం సరిగ్గా మూసుకోక, పంపిన రక్తంలో కొంత వెనక్కి కారుతోందని తేలింది. ఇక ఇనప సామాన్ల కొట్టాయన గుండె గుడ్డని పైకి ఎగరేసేంత గట్టిగా బాదేది. అది తన ధైర్యమని ఆయన మీసం దువ్వుకున్నాడు గానీ, కొలిస్తే రక్తపోటని తెలిసింది. ఆ రోజునుంచి ధైర్యం తగ్గించుకోవడానికి రోజుకో మాత్ర మింగుతున్నాడు.

వీళ్లందరినీ అక్క పంపింది అయిదో అంతస్తులో ఉండే గుండె డాక్టరమ్మ దగ్గరికే. డాక్టరమ్మ తెల్లకోటు వారానికి మూడుసార్లు ఇస్త్రీకి వచ్చేది. కోటు కోసం దిగినప్పుడల్లా ఆవిడ బల్లకి ఆనుకుని రెండు మాటలు చెప్పేది. గుండె పిడికిలంత ఉంటుందని, లోపల నాలుగు గదులుంటాయని, కుడివైపు గదులు రక్తాన్ని ఊపిరితిత్తులకి పంపితే, గాలి నింపుకుని వచ్చిన రక్తాన్ని ఎడమవైపు గదులు ఒళ్లంతా తోస్తాయని అక్క అలా విన్నదే. మనకి వినిపించేది గదుల తలుపులు మూసుకునే చప్పుడట. రోజుకి లక్ష సార్లు. అరవై బట్టలు చేసేసరికి భుజం పీకే మనిషికి ఆ లక్ష అన్న మాట మనసులోంచి పోలేదు. ఆ రోజు ఏ జేబు మీద చెయ్యి వేసినా, లోపలున్నవాడికి దణ్ణం పెట్టాలనిపించింది.

మూడో అంతస్తు బస్సు డ్రైవరు చొక్కాలు శనివారం వచ్చేవి. ఖాకీవి రెండు, ఆకుపచ్చ గళ్లది ఒకటి. ఖాకీ చొక్కాల్లో గుండె, బాగా నడిపే బస్సులాగే, కుదుపు లేకుండా సాగేది. ఆ శనివారం గళ్ల చొక్కా జేబు మీద చెయ్యి పెట్టిన అక్క వెంటనే తీసి, గుడ్డ తిప్పి చూసి, మళ్లీ పెట్టింది. లోపలిది బరువు మోస్తూ మెట్లెక్కే మనిషిలా కొట్టుకుంటోంది. నాలుగు అడుగులు గబగబా వేసి, ఆగి, వగర్చి, మళ్లీ ఎక్కుతోంది.

అక్క ఆలోచించింది. డ్యూటీ చేసే రోజున మనిషి ఒళ్లు బిగబట్టుకుని ఉంటాడు, సెలవు రోజున ఇంట్లో గళ్ల చొక్కా వేసుకుని చేరబడ్డప్పుడు లోపలిది బయటపడుతుంది. అంతకంటే వేరే కారణం తోచలేదు. సాయంత్రం డ్రైవరు రాగానే ఉన్నమాట చెప్పేసింది, డాక్టరమ్మకి చూపించుకోమని బతిమాలింది.

డ్రైవరు మొహంలో రంగు పోయింది. గుండె మంచిది కాదంటే డిపోలో స్టీరింగు ముట్టుకోనివ్వరు. ఆ మాట ఎలా పొక్కిందో గానీ సోమవారానికల్లా డిపోకి చేరింది, పరీక్షలయ్యేదాకా ఇంట్లో కూర్చోమన్నారు. డాక్టరమ్మ ఛాతీకి తీగలు తగిలించి గీతలు తీసింది, నడిచే పట్టా మీద పరిగెత్తించింది, తెర మీద గదులన్నీ చూసింది. పది రోజుల తర్వాత తేలిందేమిటంటే, యాభై నాలుగేళ్ల డ్రైవరుకి ముప్పై ఏళ్లవాడి గుండె ఉంది.

ఆయన కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. గొంతు పెంచలేదు.

"చెల్లెమ్మా, నా బస్సు సంగతి డిపో వాళ్లు చూస్తారు, నా గుండె సంగతి డాక్టరమ్మ చూసింది. నువ్వు చొక్కాలు చూసుకో."

అక్కకి తల కొట్టేసినట్టయింది. కేకలేసినా బాగుండేది. భవనంలో తలా ఒక మాట అన్నారు. పెట్టెలో వేడి తగ్గిందేమో, బాగుచేయించమని ఒకరు, వయసు మీద పడ్డాక అరచేతులు మొద్దుబారతాయని ఇంకొకరు. చొక్కాలు తీసుకెళ్లేవాళ్లు లోపల ఎలా ఉందని అడగడం మానేశారు. చెప్పడం ఆవిడా మానేసింది.

డ్రైవరు భార్య మాత్రం ఒకరోజు మంచినీళ్ల డబ్బాతో మెట్ల దగ్గర ఆగింది. ఆమెది గట్టిగా మాట్లాడే అలవాటు కాదు. ఆయన కోపాన్ని మనసులో పెట్టుకోవద్దని, నాలుగు రోజుల్లో అదే పోతుందని మెల్లగా చెప్పింది. చెబుతూ దవడ నిమురుకుంటోంది. పన్ను నొప్పా అని అక్క అడిగితే, ఏమో వదినా, దవడ లాగుతుంది, వీపులో పట్టేస్తుంది, గ్యాసు అయ్యుంటుందని నవ్వి, డబ్బా ఎత్తుకుని వెళ్లింది. ఆమె మూడంతస్తులు ఎక్కడానికి చాలాసేపు పట్టింది.

తర్వాతి శనివారం గళ్ల చొక్కా మళ్లీ వచ్చింది. అక్క కాలరు చేసింది, భుజాలు చేసింది, వీపు చేసింది. జేబు దగ్గరికి వచ్చేసరికి పెట్టె ఎత్తడానికి చెయ్యి రాలేదు. వినకపోతే ఏ గొడవా లేదు. విన్నాక ఊరుకుంటే ఆ పాపం ఎవరిది? చివరికి పెట్టె ఆనించింది. ఈసారి లోపలిది నాలుగడుగులు కూడా వేయడం లేదు. రెండు వేసి ఆగుతోంది.

చొక్కా చల్లారకముందే భుజాన వేసుకుని మెట్లెక్కింది. నవ్వితే నవ్వనీ, బల్ల తీయించేస్తే తీయించనీ అనుకుంది. ఇరవై రెండేళ్లలో బట్టలివ్వడానికి తప్ప ఎవరి గుమ్మమూ తొక్కని మనిషి, మూడో అంతస్తుకి వెళ్లి తలుపు కొట్టింది.

తలుపు తీసింది డ్రైవరు భార్య. చేతిలో తడిగుడ్డ, వెనక గదిలో సగం తుడిచిన నేల. నీలం నైటీ మీద భర్త ఖాకీ చొక్కా ఒకటి తొడుక్కుని ఉంది, చేతులు మోచేతుల దాకా మడిచి.

అక్క చూపు ఆ చొక్కా మీద పడింది. అది ఎవరిదని అడిగింది.

"ఆయనదే వదినా. పని చేసేటప్పుడు పైన వేసుకుంటా, నైటీ పాడవకుండా. రోజూ గళ్లది వేసుకునేదాన్ని, అది నీ దగ్గరుందిగా. ఉతికి మూటలో వేస్తా మళ్లీ. ఆయన సెలవు రోజున అడిగితే నలిగి ఉండకూడదు కదా."

ఇస్త్రీ అక్క కళ్ల ముందు ఇరవై రెండేళ్ల మూటలు కదిలాయి. ఖాకీలు, తెల్లవి, చారలవి, అన్నీ మగవాళ్ల చొక్కాలే. డాక్టరమ్మ తెల్లకోటు ఒక్కటి తీసేస్తే ఆ బల్ల మీదకి ఒక్క ఆడదాని బట్ట రాలేదు. నలభై ఇళ్లలో ఆడవాళ్లు తమవి ఆరేసి, చేత్తో సాపు చేసి, మడిచి పరుపు కింద పెట్టుకుంటారు. నైటీకి ఇస్త్రీ ఏమిటని ఆవిడే ఎన్నోసార్లు నవ్వింది. అన్ని గుండెలూ విన్నానని మురిసిపోయినందుకు ఇప్పుడు సిగ్గేసింది.

"వదినా, గుడ్డ కింద పెట్టు. డాక్టరమ్మ ఆస్పత్రికి పోదాం. ఈ చొక్కాలో కొట్టుకునేది నువ్వు."

గ్యాసేనంది ఆమె. నేల సగంలో ఉందంది, ఆయనకి టిఫిను పెట్టాలంది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని తెచ్చిన చొక్కా జేబు మీద పెట్టింది. ఇంకా వెచ్చగానే ఉంది. ఆమె విన్నది, దవడ మీదకి చెయ్యి పోయింది, తడిగుడ్డ కింద పెట్టేసింది. లోపలి గదిలోంచి వచ్చిన డ్రైవరు ఇద్దరినీ చూశాడు, చొక్కాని చూశాడు. తనూ చెయ్యి ఆనించి విన్నాడు. బస్సు ఇంజను ఒక చిన్న తేడా చేస్తే పట్టేసే మనిషి, పక్కనే ఉన్న ఈ చప్పుడు ఇన్నాళ్లూ పట్టుకోలేకపోయాడు. చెప్పులు కూడా వేసుకోకుండా భార్యని పొదివి పట్టుకుని మెట్లు దింపాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ తెర మీద చూపించింది. గుండె గదుల్లోంచి రోజుకి వేల లీటర్ల రక్తం పోతుంది, కానీ ఆ గదుల్లో ఉన్న రక్తంతో గుండెకి ఆకలి తీరదు. దాని తిండి పైనుంచి చుట్టుకుని వచ్చే సన్నటి నాళాల్లోంచే రావాలి. ఆ నాళాల్లో పెద్దది దాదాపు మూసుకుపోయి, వెంట్రుకంత దారి మిగిలింది. ఆడవాళ్లకి కొన్నిసార్లు ఛాతీ నొప్పి రాదని, దవడ, వీపు, ఆయాసం, నీరసం ఇలా వస్తుందని, గ్యాసనుకుని గడిపేస్తారని డాక్టరమ్మ చెప్పింది. ఇంకో వారం గడిపి ఉంటే అని మొదలుపెట్టి, డ్రైవరు మొహం చూసి ఆపేసింది. మణికట్టు దగ్గర్నుంచి సన్నటి తీగ పంపి, మూసుకున్నచోట స్ప్రింగులాంటి గొట్టం తెరిచి నిలబెట్టారు. తెర మీద రక్తం నల్లటి గీతై ఒక్కసారిగా కొమ్మలు వేసుకుంటూ కిందదాకా పారడం అక్క గాజు కిటికీలోంచి చూసింది. అంత అందమైన పని తను ఎన్నడూ చూడలేదనుకుంది. కళ్లు తుడుచుకోవడానికి కొంగు కోసం వెతికి, ఇంకా భుజం మీదే ఉన్న గళ్ల చొక్కాతో తుడుచుకుంది.

మూడు వారాలకి మెట్ల కింద బల్ల దగ్గర రద్దీ పెరిగింది. ముందు లెక్కల మాస్టారి భార్య, మర్నాడు పోస్టుమాస్టరు కోడలు, తర్వాత లెక్కలేనంత మంది. పూలవి, చుక్కలవి, వెలిసిపోయినవి, సంచుల కొద్దీ నైటీలు. మగవాళ్ల చొక్కాలు ఒక రోజు ఆలస్యమవుతాయని అక్క నిర్మొహమాటంగా చెప్పేసింది.

ఒక ఉదయం డ్రైవరు భార్య తన నీలం నైటీ తెచ్చింది. స్టూలు లాగితే, పనుందంటూనే అంచు మీద కూర్చుంది. అక్క ఎడమవైపు పెట్టె ఆనించి తీసింది, ఆమె చెయ్యి తీసుకుని అక్కడ పెట్టింది. లోపలిది తడబడకుండా, తొందరపడకుండా కొట్టుకుంటోంది. ఆమె చాలాసేపు విన్నది.

"నాదేనా ఇది?"

"నీదే."

"ఎవరూ చెప్పకుండానే ఇంత పని చేస్తోందా వదినా. పాపం, ఒక్క పూటైనా ఆగదా?"

"ఎందుకాగదు? కొట్టిన ప్రతిసారీ ఆగుతుంది. విను. కొట్టేదానికంటే ఆగేదే ఎక్కువ. ఆ ఆగినప్పుడే దానికి తిండి అందేది."

ఆమె మళ్లీ విన్నది. పైనుంచి డ్రైవరు గొంతు మెట్ల మీదుగా దిగింది. తన ఖాకీ చొక్కా ఎక్కడుందో, ఈవిడ ఎక్కడుందో అడుగుతున్నాడు. ఆమె లేవబోయి, స్టూలు మీద వెనక్కి జరిగి సరిగ్గా సర్దుకుంది. మూడో అంతస్తుకి వినబడేలా తలెత్తి చెప్పింది.

"కూర్చున్నాను."

పైన ఆయనే బీరువా తలుపు తీసుకున్న చప్పుడు వినబడింది. నైటీ చల్లారేదాకా ఆమె చెయ్యి తీయలేదు.