నువ్వే చేస్తున్నట్టు చెప్పు

దొంగలు మీరు. చుట్టూ తిప్పి చెప్పడం నాకు రాదు, నేర్చుకునే ఓపికా లేదు. స్టూడియో కట్టినవాళ్లూ, సినిమా తీసేవాళ్లకి పన్నులో రాయితీ ఇస్తామని చట్టం రాసినవాళ్లూ, ఆ రాయితీ కోసం కాగితాలు నింపినవాళ్లూ, నింపిన కాగితాల మీద కళ్లు మూసుకుని ముద్ర గుద్దినవాళ్లూ, అందరూ. అందులో మా ఆయన కూడా ఉన్నాడు. ఉన్నాడు కదా అని వదిలిపెట్టను.

ఆ రోజు పొద్దున పిల్లదాని స్కూలు చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. మా ఆయన వచ్చి ఇస్త్రీ బల్ల మీద, సరిగ్గా ఆ చొక్కా మీదే, ఒక కాగితం పెట్టాడు.

"ఇది బట్టీ పట్టు. పదింటికి తనిఖీ ఆఫీసరు వస్తున్నాడు."

"వస్తే నాకెందుకండీ?"

"నీ పేరు రాశాం. వస్త్ర విభాగం అధిపతి అని. ఆయన అడిగితే ఇందులో ఉన్నట్టు చెప్పాలి. తడబడకు."

పెళ్లయిన పదకొండేళ్లలో ఆయన నన్ను అధిపతి అనడం అదే మొదలు.

మా ఆయన స్టూడియోలో ప్రొడక్షన్ మేనేజరు. ఆ స్టూడియో ఒకప్పుడు మూతబడ్డ నూలుమిల్లు. అప్పట్లో మా ఊరికి సినిమావాళ్లు వచ్చేవాళ్లు, రాకేం. లైట్లూ, వడ్రంగులూ, వంటమనుషులూ, ఆఖరికి తాగే నీళ్లతో సహా తెచ్చుకుని, పోయేటప్పుడు చెత్త మాత్రం మాకు వదిలి పోయేవాళ్లు. తర్వాత చట్టం వచ్చింది. ఈ ప్రాంతంలో ఖర్చు పెట్టిన ప్రతి వందలో పాతిక పన్నులో తగ్గిస్తారు, పనివాళ్లలో సగంమంది ఇక్కడివాళ్లే అయితే. ఆ చట్టం కావాలని ఊరేగింపు తీస్తే నేనూ నడిచాను. బిడ్డను చంకనేసుకుని గొంతు పోయేదాకా అరిచాను. అరిచినదానికి ఫలం కూడా దక్కింది, అబద్ధం చెప్పను. పాత మిల్లు షెడ్లలో సెట్లు లేచాయి. కిటికీలు చేసుకునే వడ్రంగులు ఇప్పుడు కోర్టులూ జైళ్లూ ఆస్పత్రులూ కడుతున్నారు. పెళ్లి ఫొటోలు తీసేవాడు కెమెరా అసిస్టెంటయ్యాడు. మన మాట మాట్లాడే సినిమా, మన మొహాలున్న సినిమా తెర మీదికొచ్చింది. నేను దాన్ని తిట్టడం లేదు. నాది అనుకున్నాను కాబట్టే ఈ మంట.

పోయినేడు ఆ చట్టానికి ఇంకో తోక తగిలించారు. అయిదు విభాగాలకు ఈ ప్రాంతపు ఆడవాళ్లు అధిపతులుగా ఉంటే, వందకి మరో అయిదు తగ్గింపు. మంచి మనసుతోనే రాసి ఉంటారు. మరి మా మగాళ్లేం చేశారు? ఎవరి ఇంట్లోకి వాళ్లు తొంగి చూశారు. పెళ్లాం పూర్తి పేరేమిటో గుర్తు తెచ్చుకున్నారు. రాసి పడేశారు. లైటింగ్ విభాగానికి అధిపతి మా ఆయన మేనత్త. ఆవిడకి కరెంటంటే భయం. ఫ్యాను స్విచ్చి కూడా చీపురు పుల్లతో వేస్తుంది.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కాగితం చదివాను. వస్త్ర విభాగాధిపతి చేసే పనులట. ఏ సీనుకి ఎవరు ఏ బట్ట వేసుకుంటారో పట్టిక రాయడం. కొలతలు తీయించడం. కొత్త బట్టను పాతదిగా మార్చడం. సీను అయ్యాక ఫొటో తీసి పుస్తకంలో అతికించడం. చిరిగినవి కుట్టడం. నేను ఒక్కొక్క వరుస దగ్గరా ఆగాను. పధ్నాలుగు నెలల కిందట "వదినా, ఒక్క బొత్తాం" అని కటింగ్ మాస్టరు మా గుమ్మం ముందుకొచ్చాడు. ఒక్క బొత్తాం కుట్టాను. మర్నాడు సంచి వచ్చింది. ఆ మర్నాడు నేనే వెళ్లాను, సంచులు మోయడానికి మా ఆయనకి నామోషీ కాబట్టి. వెళ్లినదాన్ని వెనక్కి రాలేదు. పట్టిక రాసేది నేను, కొలతల దగ్గర నిలబడేది నేను, ఫొటోలు అతికించే జిగురు నా వేళ్లకి ఇంకా ఉంది. వంట చేసి వెళ్తాను, వచ్చి వంట చేస్తాను, మధ్యలో ఉన్నదాన్ని మా ఇంట్లో "స్టూడియోకి అలా ఓసారి వెళ్లొచ్చింది" అంటారు. కుర్చీలో కూర్చునేది వేరే మనిషి. పెద్ద నగరం నుంచి వచ్చిన డిజైనరు. చీకటి గదిలో కూడా నల్లకళ్లద్దాలు తీయడు. మేం అతన్ని నల్లద్దాలు అనే పిలుస్తాం. తెర మీద పేరు అతనిదే. బట్టల గది తాళం కూడా అతని జేబులోనే.

"ఇవన్నీ ఇప్పుడు ఎవరు చేస్తున్నారండీ?" అని అడిగాను.

మా ఆయన వాచీ చూసుకున్నాడు. "ఎవరో ఒకరు చేస్తున్నారుగా. అది కాదు ఇప్పుడు గొడవ. నువ్వే చేస్తున్నట్టు చెప్పు."

వెటకారమేమోనని ఆయన మొహంలోకి చూశాను. లేదు. ఆయనకి నిజంగానే తెలియదు. తానో పెద్ద అబద్ధం రాశానని, దాన్ని పెళ్లాం చేత పలికించాలని కంగారు పడుతున్నాడు. కాగితం మీద ఆయన రాసిన ఒకే ఒక్క నిజం అదని ఆ మనిషికి తట్టనైనా లేదు. నవ్వాలో, ఇస్త్రీపెట్టె విసరాలో నాకూ తెలియలేదు. చొక్కా మడత పెట్టాను.

అప్పుడే పెరట్లోంచి మా అత్త కేక వేసింది. "అమ్మాయ్! ఆ మాసిన చొక్కా ఉతికేశానే. మూడుసార్లు సబ్బు పెడితేగానీ లొంగలేదు, ముండాది!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అది హీరో చొక్కా. కథలో అతను మిల్లు కూలీ, కాలుతున్న షెడ్డులోంచి తోటివాణ్ణి మోసుకొస్తాడు. షెడ్డు తలుపు అవతలి సీను మొన్న తీశారు. తలుపు దాటి ఇవతలికి వచ్చే సీను ఈ రోజు పదకొండింటికి. తలుపు దాటేలోపు మసి మాయమైతే జనం గోల చేస్తారు. ఇలాంటి వాటికి మూడు చొక్కాలు ఒకేలా చేసి పెట్టుకోవాలి. ఖర్చని మా ఆయనే ఒకదానితో సరిపెట్టాడు. మోచేతి దగ్గర చిరుగు కుట్టడానికి ఇంటికి తెచ్చాను. తీగ మీద అది తెల్లగా, కొత్త పెళ్లికొడుకులా వేలాడుతోంది. కింద మా అత్త గర్వంగా చేతులు తుడుచుకుంటోంది.

"అత్తయ్యా... ఆ మసి నేనే పూశానత్తయ్యా. రెండు రోజులు కూర్చుని పూశాను."

"పూశావా? మసిని?" ఆవిడ నోరు తెరిచింది. "తింటున్నది అన్నమేనా మీరంతా?"

మా ఆయన తల పట్టుకున్నాడు. "ఆడవాళ్లకి అప్పగిస్తే ఇంతే! ఒక్క చొక్కా, ఒక్క చొక్కా కాపాడలేకపోయారు ఇద్దరు కలిసి." నల్లద్దాలకి ఫోన్ చేశాడు. ఫొటోల పుస్తకం గదిలో ఉంది, గదికి తాళం వేసి ఉంది, నల్లద్దాలు హోటల్లో పడుకుని ఉన్నాడు. ఎత్తలేదు. "నీ చావు నువ్వు చావు, పదింటికి అక్కడుండు," అని బండెక్కి వెళ్లిపోయాడు.

టీ డికాక్షన్ పొయ్యి మీద పెట్టాను. ఇటుక ముక్క నూరాను. కొవ్వొత్తి, బాణలి అడుగు మసి, కాస్త నూనె, గరుకు కాగితం. అన్నీ ఉన్నాయి. ఏ మరక ఎక్కడో మాత్రం పూర్తిగా గుర్తు రావడం లేదు. ముందు భాగం కళ్లకి కట్టినట్టుంది. వెనక వీపు? మనసు ఖాళీ. పోనీ, పాడవనీ, వెళ్లి నాకు తెలియదు అని చెప్పేస్తే పీడా పోతుంది కదా అని కూడా అనుకున్నాను. అధిపతినా నేను? బొత్తాం కుట్టేదాన్ని.

మా అత్త ముక్కాలిపీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఎడమ చంక కింద ఒకటి. గుండ్రంగా, అరచేతంత. మహా మొండిది." వేలితో చూపించింది. "దాని కింద నుంచి నడుం దాకా చార. కుడి భుజం మీద మూడు చిన్నవి, పక్కపక్కనే. కాలర్ వెనక జిడ్డు, అది మాత్రం ఒక్క సబ్బుకే పోయింది."

"మీకెలా గుర్తత్తయ్యా?"

"ఎలా ఏమిటే? వదలగొట్టింది నేను కదూ."

ఆవిడ చెప్పింది, నేను పూశాను. కాసేపటికి ఆవిడే మసి తీసుకుని పూయడం మొదలుపెట్టింది. మొదట ఒక వేలితో, భయంగా. తర్వాత అరచెయ్యంతా. "నలభై ఏళ్లు మీ మామగారి చొక్కాలు ఉతికాను. ఒక్కదాన్నయినా ఇలా మాపాలని ఎన్నిసార్లు అనిపించిందో!" అని పకపకా నవ్వింది. ఆవిడ అలా నవ్వగలదని నాకు తెలియదు. ఆవిడతో పదకొండేళ్లు ఒకే వంటింట్లో ఉన్నాను. పప్పులో ఉప్పు గురించి తప్ప ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆవిడ చేతులకి ఇంత జ్ఞాపకం ఉందని ఎవరడిగారు? నేనైనా అడిగానా?

పదింటికి చొక్కా చేతిమీద వేసుకుని స్టూడియోకి వెళ్లాను. బట్టల గది తెరిచి ఉంది. నల్లద్దాలు కుర్చీలో ఉన్నాడు. మా ఆయన నిలబడి ఉన్నాడు. తనిఖీ ఆఫీసరు వయసైన మనిషి, బల్ల మీద ఫారమూ ముద్రా పెట్టుకున్నాడు. నేను రాగానే నల్లద్దాలు లేచి, "రండి రండి, మా హెడ్ గారు!" అని తన కుర్చీ నాకు చూపించాడు. ఆ కుర్చీలో కూర్చోవడం నాకు అదే మొదలు.

"అమ్మా, మీ పని ఏమిటో చెప్పండి," అన్నాడు ఆఫీసరు.

చెప్పాను. కాగితంలో ఉన్నదీ లేనిదీ చెప్పాను. నూట ఇరవై రెండు సీన్లలో హీరోయిన్ ఎన్ని చోట్ల అదే శాలువా కప్పుకుందో చెప్పాను. చెమట పట్టినట్టు కనిపించాలంటే నీళ్లలో ఏం కలపాలో చెప్పాను. ఆఫీసరు రాసుకుంటూ పోయాడు. తలెత్తి, "చాలా సంతోషమమ్మా," అని ముద్ర చేతిలోకి తీసుకున్నాడు.

మా ఆయన వంగి నా చెవిలో అన్నాడు: "భలే నటించావే! ఇంత తెలివి ఎక్కడ దాచావు?"

నల్లద్దాలు మెల్లగా చప్పట్లు కొట్టాడు. "వదినగారిని హీరోయిన్ గా పెట్టాల్సింది!"

తిట్టి ఉంటే తుడుచుకునేదాన్నేమో. పధ్నాలుగు నెలలు తిట్లు తుడుచుకున్నాను కదా. మెచ్చుకున్నారు. నా బతుకును నా నోటితో చెప్తే, నటన బాగుందని మెచ్చుకున్నారు.

"ఆగండి సార్," అన్నాను. "ముద్ర కింద పెట్టండి."

ఆఫీసరు ముద్ర బల్ల మీద పెట్టి నా వైపు చూశాడు.

"నేను చెప్పిందంతా నిజం. కానీ అది నిజమని వీళ్లిద్దరికీ తెలియదు. మీకు అబద్ధం అమ్ముతున్నామనుకుంటున్నారు. కావాలంటే ఈ డిజైనర్ని అడగండి, ఈ చొక్కా మీద మసి దేనితో పూశారో."

ఆఫీసరు నల్లద్దాల వైపు తిరిగాడు. నల్లద్దాలు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "మసి... అంటే, మసితోనే కదండీ."

"నియామక పత్రం చూపించండి," అన్నాడు ఆఫీసరు మా ఆయనతో. లేదు. "తెర మీద పేర్ల జాబితా?" ఉంది. అందులో నేను లేను.

మా ఆయన నన్ను గుమ్మం దగ్గరికి లాగాడు. గొంతు తగ్గించాడు, కళ్లు మాత్రం తగ్గలేదు. "నీకు మతి పోయిందా? రాయితీ ఆగితే వచ్చే సినిమా ఇంకో ఊరికి పోతుంది. ఎనభై కుటుంబాలు వీధిన పడతాయి. నా ఉద్యోగం సంగతి సరే, వడ్రంగుల మొహం ఎలా చూస్తావు? ఇంటి పరువు ఇంట్లో తేల్చుకుందాం, రా."

ఆ ఎనభై కుటుంబాల మాట నన్ను తాకలేదని చెప్పను. ఆ పిల్లల మొహాలు నాకు తెలుసు. కానీ ఆ ఎనభై ఇళ్లలోనూ నాలాంటిది ఒకతె ఉంది. ఆమెను లెక్కలో చూపించి రాయితీ తెచ్చుకుంటారు, తెచ్చుకున్నాక ఆమెను వంటింట్లోకి పంపించేస్తారు. రాయితీ ఆగకూడదు. నేనూ ఆగకూడదు. ఈ రెండూ ఒకే గదిలో పట్టవని ఎవరు చెప్పారు వీళ్లకి?

చెయ్యి విడిపించుకుని వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నాను. మొదటిసారి వాళ్లు కూర్చోబెట్టారు. ఈసారి నేనే కూర్చున్నాను.

"సార్, రాయితీ ఆపమని నేను అనను. రాసింది నిజం చెయ్యమంటున్నాను. ఇప్పుడే, ఇక్కడే, నా ముందే నియామక పత్రం రాయించండి. పనిలో చేరిన తేదీ పధ్నాలుగు నెలల కిందటిది వెయ్యాలి. జీతం ఈ డిజైనరుకి ఎంతో నాకూ అంతే. తెర మీద నా పేరు ఎక్కాలి, 'మేనేజరు గారి భార్య' అని కాదు. గది తాళం ఈ బల్ల మీద పెట్టించండి. ఈ చొక్కా సగం చేసింది మా అత్త. ఆవిడకీ ఒక పత్రం, ఇష్టమైతే వస్తుంది, లేకపోతే మానేస్తుంది, అడగడం మాత్రం అడగాలి. ఆ జాబితాలో మిగిలిన నలుగురినీ పిలిపించండి. భర్తలూ అన్నలూ మేనల్లుళ్లూ లేకుండా, ఒక్కొక్కరినీ. పనిచేస్తున్నదాన్ని గుర్తించి రాసివ్వండి. చెయ్యని పేరు కొట్టెయ్యండి. కొట్టేసిన చోట మగాణ్ణి పెట్టడం కాదు, పని నేర్చుకుని గేటు బయట నిలబడ్డ ఆడపిల్లను లోపలికి రానివ్వండి. షాటు పదకొండింటికి. ఇంకా నలభై నిమిషాలుంది. పెన్ను మూత తీయండి."