వరస సంఖ్య నలభై ఒకటి

ఉదయం ఏడింటికి సీతారామయ్య గోదాం తాళం తీయించేవాడు. సులేమానీ టీ తాగి, రిజిస్టరు తెరిచి, రాళ్లను రకాల ప్రకారం సర్దించేవాడు. మధ్యాహ్నం నమాజుకి తలుపులు మూసి గంట తర్వాత వచ్చి చూస్తే, అవి తమ ఇష్టమొచ్చిన చోట నిలబడి ఉండేవి. సౌదీ కొండల్లోని అభాలో ఎనిమిది నెలలుగా ఇదే తంతు.

అవి సమాధి రాళ్లు. రోమన్లు ఏలిన కాలంలో, వాళ్ల రాజ్యానికి అంచున ఉన్న ఉత్తరపు ఎడారిలో పోయినవాళ్ల గుర్తుగా చెక్కించినవి. మొత్తం అరవై రెండు. కువైట్ యుద్ధం మొదలవగానే స్కడ్ క్షిపణులు పడతాయన్న భయంతో సరిహద్దు ఊరు హఫర్ అల్ బాతిన్‌లో లారీలకెక్కించి ఈ కొండల్లోకి తెచ్చారు. దారిలో చీటీలన్నీ ఊడిపోయాయి. కాకినాడలో డ్రాయింగు మాస్టరుగా చేసిన సీతారామయ్యకు వాటిని వర్గీకరించే పని అప్పగించారు. కళ్లూ ముక్కూ మాత్రమే చెక్కినవి ఒక రకం, నిలువెత్తు మనుషులున్నవి ఒక రకం, పైన కోసుగా ఉన్నవి ఇంకో రకం. నెల రోజులు చాలనుకున్నాడు పాపం. రిజిస్టరు పూర్తయితే గాని సెలవు లేదు మరి.

తప్పంతా ఒక్క మాటది. మొదటిరోజు, లారీతోపాటే వచ్చి రాళ్లు దింపుతున్న అంజన్నతో "వీటిని వరసగా పెట్టు" అని చెప్పి భోజనానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి అంజన్న ఆ రాతి మొహాలను చూసి, ఎవరికి ఎవరు ఏమవుతారో తేల్చి, మొగుడి పక్కన పెళ్లాన్ని, అత్తకు కాస్త ఎడంగా కోడలిని, మేనమామ ముందు మేనకోడలిని నిలబెట్టేశాడు.

"వరస అంటిరి గద సారు. చూసి కలిపిన," అన్నాడు.

ఆ కూర్పు రాళ్లకు నచ్చింది. అప్పటినుంచి వాటిని ఎక్కడ పెట్టినా తలుపు మూయగానే వెళ్లి తమవాళ్ల పక్కన చేరేవి. దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు. కాపలా ఇస్మత్ మాత్రం గచ్చంతా గీతలు పడుతోందని, గోనెసంచులు పరిపించమని హిందీలో సణిగేవాడు. సీతారామయ్య రాళ్లను తిట్టి, అంజన్నను తిట్టి, మళ్లీ మొదటినుంచి సర్దించేవాడు.

అంజన్న ఆ తిట్లు పట్టించుకునే స్థితిలో లేడు. అతనిది కరీంనగర్ జిల్లా మల్యాల. హఫర్‌లో అతన్ని పనిలో పెట్టుకున్న కఫీలు యుద్ధం రాగానే పాస్‌పోర్టులతో సహా ఎటో పోయాడు. పోతూ పోతూ, పనివాళ్లే పారిపోయారని కేసు పెట్టి మరీ పోయాడు. పాస్‌పోర్టు బదులు ఎంబసీ ఔట్‌పాస్ ఇచ్చింది గానీ, ఎగ్జిట్ ముద్ర కొట్టే జవాజాత్ ఆఫీసులో కఫీలును తీసుకొచ్చి కేసు తీయించుకోమన్నారు. ఆ కఫీలు ఏ దేశంలో ఉన్నాడో ఎవరికి తెలుసు? పెళ్లాం ముత్యవ్వను చూసి ఆరేళ్లయింది. తను వచ్చాక పుట్టిన కూతురు కావ్యను అసలు చూడనేలేదు. పోలీసులకు దొరికితే నేరుగా జైలే.

ఒకరోజు రియాద్ నుంచి పై అధికారి, ముదీర్, తనిఖీకి దిగాడు. వెంట ఇద్దరు పోలీసులు. అంజన్న బయటికి దారి లేక రాళ్ల మధ్యకు దూరాడు. ఒక తల్లి రాయి జరిగి చోటిచ్చింది. ఒంటినిండా రాతిపొడితో, కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ముదీరుకు తొందర. అంకెల చీటీలు అంటించుకుంటూ వచ్చి, అంజన్న నుదుటి మీద నలభై ఒకటి అంటించి ముందుకు పోయాడు. చివర్న రిజిస్టరులో అరవై మూడని వేసి, సంతకం పెట్టి, సీలు కొట్టాడు.

సీతారామయ్యకు ఒళ్లు మండిపోయింది. సీలు పడ్డ అంకెను కొట్టేయడానికి వీల్లేదు. కొట్టేస్తే ప్రభుత్వ సొత్తు మాయమైనట్టు లెక్క. మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు విసుగ్గా నిబంధనల పుస్తకం తిరగేస్తుంటే ఒక వాక్యం కనబడింది. పొరపాటున చేరిన వస్తువును దాని సొంత చోటికి ఆఫీసు ఖర్చుతోనే తిప్పి పంపాలట. మూడుసార్లు చదివాడు. కలం తీసుకుని, ఎక్కడా తడబడకుండా రాశాడు:

"వరస సంఖ్య నలభై ఒకటి. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. కుడి బొటనవేలి దగ్గర చిట్లింది. మిగతావాటి కాలానికి చెందదు. సొంత చోటు మల్యాల. తిప్పి పంపవలెను."

జవాజాత్ గుమాస్తా ఆ కాగితాన్నీ ఔట్‌పాస్‌నూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. కేసు ఉన్నది మనిషి మీద. ఇది వస్తువు. వస్తువుకు సొంతదారు ఆఫీసే, సీలూ ఉంది. ఎగ్జిట్ ముద్ర కొట్టేశాడు.

జెద్దా విమానాశ్రయం దాకా సీతారామయ్యే తీసుకెళ్లాడు. ఎనిమిది నెలలు తిట్టిన మనిషి వెళ్లిపోతుంటే అతని సంచి తనే మోశాడు. దానికీ చిరాకుపడ్డాడు.

అంజన్న లోపలికి పోబోతూ ఆగాడు. "ఈడ ఉండే కాయిదం, ఇకామా ఏదని అడిగితే ఏం జెప్పాలె సారు?"

"ఏమీ చెప్పకు. రాళ్లు మాట్లాడవు."

బొంబాయిలో దిగేదాకా అంజన్న నోరు తెరవలేదు.