ముప్పై ఆరో బొమ్మ

నేను ఒక భూతద్దాన్ని. అరచేతిలో ఇమిడిపోతాను. ఇత్తడి కట్టు, అంచున చిన్న పెచ్చు ఊడింది. చూడగలిగినవాళ్లకు ఇంకాస్త చూపించడం నా పని. యాభై ఏళ్లుగా చేస్తున్నాను, విసుగొచ్చింది.

మొదట విజయనగరంలో గడియారాలు బాగుచేసే ఖాదర్ వలీ కంటికి అంటిపెట్టుకుని ఉండేదాన్ని. అది సుఖమైన పని. గడియారం తిరిగితే తిరిగినట్టు, లేకపోతే లేదు. బ్యాటరీ గడియారాలు వచ్చాక ఆయన కొట్టు మూసేస్తూ నన్ను పక్కకొట్టు ఫోటోగ్రాఫర్ పైడిరాజు చేతిలో పెట్టాడు. "ఉంచుకో తమ్ముడూ, నీకైనా అక్కరకొస్తాది" అన్నాడు. అక్కరకొచ్చాను, నా సుఖం మాత్రం పోయింది.

పైడిరాజు పత్రికలకు ఫోటోలు తీసేవాడు. రీలుకు ముప్పై ఆరు బొమ్మలు. కడిగాక అన్నిటినీ ఒకే కాగితం మీద తపాలా బిళ్ళలంత అచ్చు వేసుకుని, నన్ను వాటి మీద ఆనించి వంగేవాడు. బాగున్నదానికి ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టేవాడు, లేనిదానికి ఇంటూ పెట్టేవాడు.

మొదటి ఏడాది అన్నీ సున్నాలే. కాకి పిల్ల కాకికి ముద్దు కదా. ఒకసారి వరద ఫోటోలు ఇరవై ఆరు పంపితే, పత్రికాఫీసువాళ్లు ఇరవై ఆరూ తిప్పి పంపారు. "ఎంచాల్సింది మీరా, మేమా?" అని ఒక్క ముక్క రాశారు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. తర్వాత ఎంచడం నేర్చుకున్నాడు. చెయ్యి కదిలిందా, ఇంటూ. తల వెనక కరెంటు స్తంభం మొలిచిందా, ఇంటూ. మనిషి కెమెరాకేసి చూశాడా, ఇంటూ. పదేళ్లకు రీలుకు మూడు సున్నాలు మిగిలాయి. ఇరవై ఏళ్లకు ఒకటి, ఒక్కోసారి అదీ లేదు. బహుమతులు మాత్రం వచ్చాయి. పనితనం పెరిగేకొద్దీ నచ్చేవి తగ్గిపోవడం మనుషుల విద్య కాబోలు. వంగి వంగి ఆయన నడుం పోయింది, ఆ ఇంటూలు చూసి చూసి నా ఓపిక పోయింది.

ఆయనకో అలవాటుండేది. రీల్లో చివరి బొమ్మ ఒక్కటి మిగిలితే దాన్ని వృథా చేయడానికి మనసొప్పేది కాదు. ఇంటికొచ్చి, వంటింటి గుమ్మంలో భార్య నరసమ్మను నిలబెట్టి టక్కున ఫోటో తీసేసేవాడు. ఆవిడ బడిలో టీచరు. "బేగి తియ్యండి, పాలు పొంగిపోతన్నాయి" అనేది. ఆ ముప్పై ఆరో బొమ్మకు, నన్ను సరిగ్గా ఆనించకుండానే ఇంటూ పడిపోయేది.

రీళ్ల కాలం పోయింది. నేను పెట్టెలో పడుకున్నాను. నరసమ్మ పదవీ విరమణకు బడివాళ్లు గోడకు పెట్టుకోవడానికి ఆవిడ ఫోటో అడిగారు. మా ఇంట్లో ఫోటోలకు కరువా అని పైడిరాజు నవ్వాడు. తీరా వెతికితే, సున్నా చుట్టిన వాటిలో మంత్రులున్నారు, వరదలున్నాయి, జాతర్లున్నాయి. నరసమ్మ ఒక్కదానిలోనూ లేదు. కొత్తవి తీద్దామంటే ఆయన కంటికి శుక్లం, చేతికి వణుకు. తీసిన నాలుగూ చెడ్డాయి. ఫోటోగ్రాఫర్ పెళ్లాం ఇంకొకడి స్టూడియోకు వెళ్తే ఊరు నవ్వదూ? అంతకంటే, ముప్పై ఏళ్లలో ఆవిడకు ఒక్క మంచి ఫోటో తీయలేదన్న సంగతి ఆయన్ని కాల్చేసింది.

పాత కాగితాలు దించి, నన్ను మొదటిసారి ముప్పై ఆరో బొమ్మల మీద ఆనించాడు. ఒకదానిలో పిండి చేతులు. ఒకదానిలో నిండు నెలలు. ఒకదానిలో వేళ్లకు ఎర్ర సిరా, చెవి దగ్గర మొదటి తెల్ల వెంట్రుక. అన్నిటిలో ఆవిడ ఆయన్నే చూస్తోంది. అన్నిటి మీదా ఇంటూ.

"ఏటండీ అంతసేపు చూస్తన్నారు?" అంటూ నరసమ్మ వచ్చి నన్ను లాక్కుంది. ఒక్కొక్కటే చూసింది. ఎర్ర పెన్సిల్ తీసుకుని, పిండి చేతుల బొమ్మ పక్కన రైటు కొట్టింది, పిల్లల పరీక్ష కాగితం దిద్దినట్టే.

"అది మసగ్గా ఉన్నాది కదే" అన్నాడాయన.

"నాను బాగానే ఉన్నానండి. మీరే తొందర్లో ఉన్నారు."

పైడిరాజు నన్ను మళ్లీ ఆ బొమ్మ మీదే ఆనించి వంగాడు. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.