కడిగిన సీసా

బచేలి ఇనుపగని క్వార్టర్లలో ఏ గిన్నె అయినా వాడే ముందు ఓసారి కడగాల్సిందే. పొద్దున తోమి బోర్లించినదాని మీద మధ్యాహ్నానికల్లా కొండ మీది ఎర్రదుమ్ము పరుచుకుంటుంది. పద్దెనిమిదేళ్లుగా రమణమ్మ చేతికి అదే అలవాటు. అందుకే లాబ్‌లో ఇచ్చిన మూత్రం సీసానూ కడిగేసింది. అడుగున తెల్లటి పొడి కనిపిస్తే వేడినీళ్లు పోసి మరీ కడిగింది.

సీసా కూతురు రాజ్యశ్రీ కోసం. రమణమ్మ మామగారు కిడ్నీలు చెడి నలభై నాలుగో ఏటనే పోయాడు. కిందటేడు భర్త సింహాచలం కిడ్నీల్లోనూ నీటితిత్తులు బయటపడ్డాయి. వంశంలో దిగే జబ్బు, పిల్లకీ రావచ్చన్నారు. ఇలాంటి ఇళ్ల పిల్లల మూత్రంలో కొన్ని ప్రోటీన్ల జాడ ముందుగానే కనిపిస్తుందేమో చూస్తున్నామని, బయటి ఊరి నుంచి వచ్చిన డాక్టరమ్మ చెప్పింది.

వారం తిరక్కుండా లాబ్ నుంచి హిడ్మా ఫోన్ చేశాడు. తెలుగు సరిహద్దున ఉన్న కొంటా వైపు కుర్రాడు, తెలుగు బాగానే వచ్చు.

"రమణమ్మక్కా, పాపను తోలుకొని రండి. ఇంకోసారి సాంపిల్ కావాలె."

రమణమ్మ అప్పటికప్పుడే బయల్దేరింది. మళ్లీ అడిగారంటే ఉన్నట్టే కదా! తొమ్మిదో తరగతి పిల్ల చెయ్యిని చంటిపిల్ల చెయ్యిలా పట్టుకుని నడిచింది.

"వదులమ్మా, మా క్లాసువాళ్లు చూస్తారు!"

"చూడనీ."

లాబ్ గుమ్మంలోనే కూతురి గురించి అడిగేసింది. "నిజం చెప్పు బాబూ. మా గుంటకి వచ్చీసిందా?"

"ఏందక్కా! రిపోర్టే రాలె. ప్రోటీన్లన్నీ ఖరాబైనయి. సీసాల మందుపొడి ఏమైంది? చెడకుండా అదే కాపాడతది."

రమణమ్మ నాలుక కరుచుకుంది. "దుమ్మనుకుని కడిగీసినాను."

హిడ్మా పగలబడి నవ్వాడు. "ఈ నెల మీరు నాలుగో అమ్మ! అందరూ క్వార్టర్లోళ్లే."

కొత్త సీసా ఇస్తూ మూత మీద ఎర్ర ఇంకుతో కుళాయి బొమ్మ గీసి, దాని మీద కొట్టివేత గుర్తు పెట్టాడు. రాజ్యశ్రీ నవ్వాపుకోలేకపోయింది.

నెల తర్వాత డాక్టరమ్మ పిలిచింది. ఈసారి జాడ కనిపించింది. అదొక్కటే చాలదని స్కానింగ్ చేస్తే రెండు చిన్న తిత్తులు కనిపించాయి.

"కిడ్నీలు చక్కగా పనిచేస్తున్నాయమ్మా," అంది డాక్టరమ్మ. "ఇప్పుడే తెలియడం మంచిదైంది. ఉప్పు తగ్గించండి, నీళ్లు బాగా తాగించండి, బీపీ చూపిస్తూ ఉండండి. మన చేతిలో ఏళ్లున్నాయి."

మామగారికి తెలిసేసరికి ఆర్నెల్లే మిగిలాయి. ఆయనకు లేని ఏళ్లు తన పిల్లకున్నాయి. పాడైన సాంపిల్ చూసి ఏమీ లేదని పంపేసి ఉంటే, తను సంతోషంగా ఇంటికి పోయి ఉండేది. తనను అంత భయపెట్టిన ఆ ఫోన్ గుర్తొచ్చి రమణమ్మ కళ్లు తడిశాయి. బయట హిడ్మా కనిపిస్తే రెండు చేతులూ జోడించింది.

"మళ్లీ పిలిచినావు బాబూ. సల్లగుండు."

"నాకెందుకక్కా దండం! సీసా కడగకపోతే చాలు."

ఇప్పటికీ ఇంట్లో ప్రతి గిన్నెనూ కడుగుతుంది. పరీక్షకని ఇచ్చే సీసాను మాత్రం ఉతికిన గుడ్డలో చుట్టి, దుమ్ము సోకకుండా బియ్యం డబ్బాలో పెడుతుంది.

"నీళ్లు తాగినావా?"

"పదోసారి అడిగావమ్మా!"

"పదకొండోసారీ అడుగుతాను. తాగు."