మొదటి చాప్టరు కేదార్

కేదార్ వేసిన టైమ్ టేబుల్ చూసి వాళ్లక్క మంజూష మురిసిపోయింది. తణుకు నుంచి వచ్చి ఎర్రమంజిల్ క్వార్టర్సులో తమ దగ్గరుంటున్న తమ్ముడు ఇంత శ్రద్ధగలవాడని ఆమె కలలో కూడా అనుకోలేదు. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో గళ్లు గీసి మరీ ఫ్రిజ్ తలుపుకు అంటించాడు.

బావ కామరాజు మాత్రం కళ్లజోడు సర్దుకుని, "దసరాలోపు జావా సర్టిఫికేషన్ పాసవ్వాలి. లేదంటే మా అన్నయ్య పెయింట్ల షాపులో కూర్చోవాలి. ఆయనకు మాటిచ్చేశాను" అన్నాడు.

పెయింట్ల వాసన తగిలితేనే కేదార్ ముక్కు మూసుకుని పారిపోతాడు. అందుకే ప్లాను పకడ్బందీగా వేశాడు. అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా ఒక ఇన్‌స్టిట్యూటే. ఎక్కడైనా మొదటి క్లాసు డెమో, ఉచితం, నచ్చితే చేరొచ్చు. అందరి డెమోలూ విని, అందరిలోకీ మంచి సారు దగ్గర చేరాలని అతని వ్యూహం. టైమ్ టేబుల్ నిండా ఉన్నవి ఆ డెమోలే.

ఒక సారు ఇంగ్లిషు బాగుంది గానీ చేతిరాత కోడి గెలికినట్టుంది. ఇంకో సారు చేతిరాత ముత్యాలే, గొంతు వింటే నిద్రొస్తుంది. పెళ్లిచూపులకెళ్లిన వాడిలా వంకలు పెడుతూనే ఉన్నాడు. ఖైరతాబాద్ గణపతి వచ్చి వెళ్లిపోయాడు గానీ మనవాడికి సారు కుదరలేదు.

డెమోలో ఎవరైనా చెప్పేది మొదటి చాప్టరే. జావాలో క్లాసంటే ఇంటి ప్లాను, ఆబ్జెక్టంటే కట్టిన ఇల్లు. కేదార్‌కు ఆ ఇంట్లో ప్రతి ఇటుకా తెలుసు, గృహప్రవేశం మాత్రం కాలేదు. పునాది గట్టిపడుతోందిలే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

దసరా దగ్గరపడింది, పంజాగుట్ట సెంటర్లో పరీక్ష మొదలైంది. మొదటి ప్రశ్న చూసి చిరునవ్వు నవ్వాడు. ఆ తర్వాత థ్రెడ్లట, ఎక్సెప్షన్లట, పేర్లు కూడా ఎప్పుడూ విన్న పాపాన పోలేదు. చివర్లో ఫెయిలని కంప్యూటరే చెప్పేసింది.

ఇంటికెళ్లే ముఖం లేని కేదార్‌ను కాళ్లు అలవాటు కొద్దీ అమీర్‌పేట వైపు లాక్కెళ్లాయి. కనబడిన డెమోలోకి దూరి ముందు వరసలో కూర్చున్నాడు. హాలు కిక్కిరిసింది గానీ సారు జాడ లేదు. ఓనరు సురేందర్ ఫోను చెవికి పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. "జర కూసోండ్రి, సార్ వస్తుండు" అంటున్నా జనం లేచిపోతున్నారు.

ఇక పోయేదేముందన్న తెగింపుతో కేదార్ లేచి మార్కరు అందుకున్నాడు. ఒకరి ఇంగ్లిషు, మరొకరి చేతిరాత, ఇంకొకరి జోకులు, అన్నీ కలిపి వడ్డించాడు. క్లాసు అయ్యేసరికి హాలు చప్పట్లతో మోగిపోయింది. చేరడానికి అందరూ వరస కట్టారు.

"గిన్ని దినాలు ఏడున్నవ్ భాయ్? ఇగ డెమోలన్నీ నువ్వే చెప్పాలె" అన్నాడు సురేందర్.

కేదార్‌కు సిగ్గేసింది. "నేనివాళే పరీక్ష ఫెయిలయ్యానన్నా."

"మొదటి చాప్టర్ల ఫెయిలయినవా?"

"అందులో కాదు."

"మరి ఫికర్ ఎందుకు? రెండో దినం నుంచి వేరే సార్ చెప్తడు."

ఇంట్లో అడుగు పెట్టగానే కామరాజు, "పాసా, ఫెయిలా?" అన్నాడు.

"ఫెయిలే బావగారూ. కానీ జావా సారుగా ఉద్యోగం వచ్చింది."

కామరాజు ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు. ఫ్రిజ్ మీది టైమ్ టేబుల్ వైపు చూసి, అన్నయ్యకు ఫోన్ చేసి కుర్రాడు రాడని చెప్పాడు. కేదార్‌కు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు కొత్త బ్యాచికి రెండో క్లాసు. కేదార్ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాడు. పక్కనున్న పింకీ అనే అమ్మాయి గబుక్కున లేచి నిలబడింది.

"సార్, మీరు గిక్కడ కూసున్నరేంది?"

"ఈ సారు ఎలా చెప్తున్నారో చూడాలి కదమ్మా" అన్నాడు గంభీరంగా.

సారు బోర్డు మీద రెండో చాప్టరు పేరు రాసి పాఠం మొదలుపెట్టాడు. కేదార్ కొత్త నోట్సు తెరిచాడు. కాసేపటికి, ఏమీ అర్థం కాక, పింకీ ఏం రాసుకుంటోందో చూద్దామని మెల్లగా తొంగిచూశాడు.